తెరవగానే మూతపడితే ఫార్మాటే మందా?

మా దిక్కు పెండ్లి అప్పగింతలతో అయిపోదు. ఆ వీడియో మస్కట్‌లో ఉన్న అన్న ఫోన్‌కో, కువైట్‌లో ఉన్న బాపు ఫోన్‌కో చేరినంకనే అయిపోయినట్టు లెక్క. భీమ్‌గల్, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, ఇట్లా ఏ ఊరు తీసుకున్నా గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు కనిపించడం కష్టం. సెలవు దొరకని తండ్రి తన బిడ్డ పెళ్లిని చూసేది ఆ రెండు మూడు గంటల వీడియోలోనే. అందుకే ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ఆగిపోయిందంటే ఆగేది స్టూడియో వాళ్ల పని ఒక్కటే కాదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పండగకో, శనివారానికో ఊరికి వస్తుంటాను. వచ్చినప్పుడల్లా స్టూడియోల వాళ్లు, యూట్యూబ్ పాటలు తీసే పిల్లలు, లింబాద్రి గుట్ట జాతర వీడియోలు పెట్టేవాళ్లు ఒకటే బాధ చెప్తుంటారు. "ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేస్తే బొమ్మ వస్తది, కింద పేర్లు ఉరుకుతయ్, ఠక్కున మాయమైతది." దానికి అందరికీ తెలిసిన మందు కూడా ఒకటే: ఫార్మాట్ కొట్టుడు.

ఈ వారం ఆ మందు గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే చాలాసార్లు రోగం చిన్నదే ఉంటుంది. మందే ప్రాణం తీస్తుంది.

మొదట అసలు ఏం జరుగుతుందో చూద్దాం. సాఫ్ట్‌వేర్ నడుస్తూ నడుస్తూ ఆగితే మనకు ఏదో ఒక ఆధారం ఉంటుంది: ఫలానా క్లిప్ పెట్టగానే ఆగింది, ఫలానా ఎఫెక్ట్ వేయగానే ఆగింది అని. తెరవగానే మూతపడితే మనం ఏమీ చేయలేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ పది ఇరవై సెకన్లలో అది బోలెడు పని చేస్తుంది. లైసెన్స్ ఉందా అని చూస్తుంది. పోయినసారి మీరు పెట్టుకున్న సెట్టింగుల ఫైల్ చదువుతుంది. కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లన్నీ లెక్కపెడుతుంది. ప్లగిన్లను ఒక్కొక్కటిగా లేపుతుంది. గ్రాఫిక్స్ కార్డును పలకరిస్తుంది. స్పీకర్, మైక్ ఏవి ఉన్నాయో అడుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పుడు జవాబు ఇచ్చినా మొత్తం కూలిపోవచ్చు.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. కానీ చెరకు ఎట్లా చక్కెర అవుతుందో మా జిల్లా పెద్దవాళ్లకు ఇంకా నోటికి ఉంటుంది. చెరకు పట్టా మీద ఎక్కుతుంది, కత్తుల కింద ముక్కలవుతుంది, గానుగలో నలుగుతుంది. రసానికి సున్నం కలిపి మడ్డి తీస్తారు, మరగబెడతారు, చక్కెర కట్టిస్తారు, తిప్పి వేరుచేస్తారు. చివర్లో సంచిలో చక్కెర పడలేదంటే ఫ్యాక్టరీ కూలగొట్టి మళ్లీ కట్టరు. చక్కెర నుంచి వెనక్కి నడుచుకుంటూ పోయి ఎక్కడ ఇరుక్కుందో చూస్తారు. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం కూడా ఇట్లాంటి వరుసే. ఎక్కడ ఇరుక్కుందో చూడకుండా ఫార్మాట్ కొట్టడమంటే ఫ్యాక్టరీ కూలగొట్టడమే.

మొన్నటి మాఘమాసం ముహూర్తాలప్పుడు మా ఊళ్లో ఒక స్టూడియో అన్న నాకు ఫోన్ చేశాడు. "తమ్మీ, ఊర్లెనే ఉన్నవా? జర వచ్చిపోరాదు" అన్నాడు. పోయేసరికి టేబుల్ మీద ఫార్మాట్ కొట్టడానికి పెన్‌డ్రైవ్ తయారుగా ఉంది. తొమ్మిది పెళ్లిళ్లు చేతిలో ఉన్నాయి. అందులో ఒక పెళ్లికూతురు తండ్రి కువైట్‌లో ఉన్నాడు. ఆయనకు శుక్రవారం సెలవు. రూములో ఉండేవాళ్లందరితో కూర్చొని బిడ్డ పెళ్లి చూస్తానని చెప్పిపెట్టుకున్నాడు. నేను పోయింది బుధవారం సాయంత్రం.

"అన్నా, వీడియోలన్నీ ఎక్కడున్నయ్?" అని అడిగిన.

"డీ డ్రైవ్‌ల ఉన్నయ్. ఫార్మాట్ కొడితే సీ ఒక్కటే పోతది గదా."

"మరి ప్రాజెక్ట్ ఫైళ్లు?"

అన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తొమ్మిదింటిలో ఏడు ప్రాజెక్టులు డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. కెమెరాలో తీసినది డీ డ్రైవ్‌లో భద్రంగానే ఉంటుంది, కానీ ఏ ముక్క ఎక్కడ కోశాడో, ఏ పాట ఎక్కడ పెట్టాడో, ఇరవై రోజుల చేతి పని అంతా ఆ చిన్న ఫైళ్లలో ఉంది. అవి పోతే శుక్రవారం కాదు గదా, వచ్చే అమావాస్యకు కూడా ఆ వీడియో కువైట్‌కు పోదు.

ముందు ఆ ఏడు ఫైళ్లు, వాటి పక్కనున్న ఆటో సేవ్ ఫోల్డర్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించినం. ఆ తర్వాతనే రోగం సంగతి. కంప్యూటర్ తన దగ్గర రాసిపెట్టుకునే చిట్టా తెరిచి చూస్తే, సాఫ్ట్‌వేర్ మొదటిసారి కూలింది మంగళవారం సాయంత్రం. అదే మంగళవారం మధ్యాహ్నం గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవర్ తనంతట తానే ఎక్కింది. కూలినప్పుడు రాసుకున్న ఫైల్ పేరు చూస్తే అది కూడా ఆ గ్రాఫిక్స్ డ్రైవర్‌దే. రెండు సాక్ష్యాలు ఒకే దిక్కు వేలు చూపినయ్. డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు తిప్పి, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినం. ఐకాన్ నొక్కితే బొమ్మ వచ్చింది, పేర్లు ఉరికినయ్, ఈసారి మాయం కాలేదు. అంతా కలిపి గంటలోపే అయిపోయింది. అందులో సగం సేపు కాపీ కావడానికే పట్టింది.

ప్రతి కంప్యూటర్‌కూ ఇదే కారణం ఉంటుందని నేను చెప్పను. కారణాలు పది ఉంటాయి. వెతికే పద్ధతి మాత్రం ఒకటే. అది ఇక్కడ వరుసగా చెప్తాను. కత్తిరించి స్టూడియో గోడకు అంటించుకున్నా సంతోషమే.

ఒకటి: ముందు కాపీ. ఏది ముట్టుకునే ముందైనా ప్రాజెక్ట్ ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి పోవాలి. ఇక్కడ డావించి రిజాల్వ్ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. అందులో ప్రాజెక్టులు విడి ఫైళ్లుగా మన కళ్ల ముందు ఉండవు. ప్రాజెక్ట్ లైబ్రరీ అనే డేటాబేస్‌లో ఉంటాయి, మనం మార్చకపోతే ఆ డేటాబేస్ సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. "నా ఫైళ్లన్నీ డీలో ఉన్నయ్" అనుకొని ఫార్మాట్ కొడితే వీడియోలు మిగులుతాయి, ఎడిటింగ్ అంతా పోతుంది.

రెండు: చదవడం. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటున్నప్పుడు కింద ఉరికే పేర్లలో ఏ పేరు దగ్గర ఆగి పడిపోతుందో చూడండి. కళ్లకు అందకపోతే ఫోన్‌తో వీడియో తీసి మెల్లగా చూడండి, ఎట్లాగూ మీ పనే అది. తర్వాత విండోస్ వెతుకు పెట్టెలో రిలయబిలిటీ అని కొట్టండి. రిలయబిలిటీ మానిటర్ అనే పట్టిక వస్తుంది. రోజువారీగా ఏది కూలింది, ఏది కొత్తగా ఎక్కింది అన్నీ అందులో ఉంటాయి. మొదటి ఎర్ర గుర్తు ఏ రోజు పడిందో చూడండి. ఆ రోజు, దాని ముందు రోజు ఏం మారిందో చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

ఆ ఎర్ర గుర్తు నొక్కితే ఫాల్ట్ మాడ్యూల్ అని ఒక ఫైల్ పేరు కనిపిస్తుంది. అది ఎన్‌వీ అక్షరాలతో మొదలైతే ఎక్కువగా ఎన్‌విడియా డ్రైవర్‌ది. ఏటీఐ అని మొదలైతే ఏఎమ్‌డీది, ఐజీ అని మొదలైతే ఇంటెల్ గ్రాఫిక్స్‌ది అయి ఉంటుంది. ఏదో ప్లగిన్ పేరు ఉంటే దొంగ దాదాపు దొరికినట్టే. ఎన్‌టీడీఎల్ఎల్ అని ఉంటే మాత్రం దాన్ని పట్టుకోకండి. అది విండోస్‌లో అందరూ నడిచే దారి. ఎవరు పడ్డా అక్కడే పడ్డట్టు కనిపిస్తారు. 0ఎక్స్‌సీ0000005 అనే కోడ్ చూసి కూడా బెదరొద్దు. తనది కాని మెమరీ జాగాలో ఏదో చెయ్యి పెట్టిందని దాని అర్థం. హార్డ్‌వేర్ పాడైందని కాదు.

మూడు: బయటివి తీసెయ్యడం. యూఎస్‌బీ మైక్, బయటి సౌండ్ కార్డు, కార్డ్ రీడర్ అన్నీ పీకి ఒకసారి తెరవండి. ప్రాజెక్ట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయకుండా సాఫ్ట్‌వేర్ ఐకాన్ నుంచే తెరవండి. ఉత్త సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, ప్రాజెక్ట్ తెరిస్తేనే కూలుతుంటే రోగం ప్రాజెక్ట్‌లో ఉన్నట్టు. అప్పుడు ఆటో సేవ్ ఫోల్డర్‌లో ముందటి కాపీ తెరిచి చూడండి. సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో కూడా ఇప్పుడే చూడండి. కాష్ ఫైళ్లు రాసుకోవడానికి జాగా లేక ఇబ్బంది పడే సాఫ్ట్‌వేర్లు తక్కువేం లేవు.

నాలుగు: సెట్టింగులు. కరెంటు పోయినప్పుడు సెట్టింగుల ఫైల్ సగమే రాసి ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు దాన్ని చదవలేక కూలుతుంది. అడోబీ ప్రీమియర్ ప్రో అయితే ఐకాన్ నొక్కిన వెంటనే ఆల్ట్ కీ పట్టుకుని ఉండండి, సెట్టింగులు మొదటికి తెచ్చే దారి వస్తుంది. షిఫ్ట్ కూడా కలిపి పట్టుకుంటే ప్లగిన్ల పాత జాబితా కూడా చెరిగిపోతుంది. కెడెన్‌లైవ్ ఇంకా మర్యాదస్తురాలు. తెరిచేటప్పుడు కూలితే, తర్వాతిసారి సెట్టింగులు మార్చేయమంటారా అని తానే అడుగుతుంది. మిగతా వాటికి సెట్టింగుల ఫోల్డర్ వెతికి దాని పేరు మార్చండి. చెరపొద్దు, పేరు మార్చితే చాలు. సాఫ్ట్‌వేర్ కొత్తది తయారుచేసుకుంటుంది, పాతది కావాలంటే మనకు ఉంటుంది.

ఐదు: ప్లగిన్లు, ఫాంట్లు. పెళ్లి టైటిళ్ల కోసం ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన ప్లగిన్లు ఒక్కొక్కరి దగ్గర డజను పైనే ఉంటాయి. ఒక్కొక్కటి తీసి చూస్తే పొద్దుగూకుతుంది. సగానికి సగం తీయండి. పదహారు ఉంటే ఎనిమిది వేరే ఫోల్డర్‌లో పెట్టి తెరవండి. తెరుచుకుంటే దొంగ ఆ ఎనిమిదిలో ఉన్నాడు, లేకపోతే ఈ ఎనిమిదిలో. మళ్లీ నాలుగు, మళ్లీ రెండు. పదహారింటిలో ఒక్క దొంగను నాలుగు సార్లలో పట్టేయొచ్చు. ఫాంట్లకు కూడా ఇదే లెక్క. శుభలేఖల కోసం వందల ఫాంట్లు ఎక్కించినవాళ్లు కొత్తగా వేసినవి ముందు తీసి చూడాలి.

ఆరు: గ్రాఫిక్స్. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ తెరిచి, డ్రైవర్ పేజీలో రోల్ బ్యాక్ బటన్ వెలుగుతుంటే పాతదానికి పోవచ్చు. డ్రైవర్ మరీ పాతదైతే కార్డు కంపెనీ సైట్ నుంచి కొత్తది వేయాలి. ఎన్‌విడియా వాళ్లు ఆటలకు ఒక డ్రైవర్, ఎడిటింగ్ లాంటి పనులకు స్టూడియో డ్రైవర్ అని ఇంకొకటి ఇస్తారు. ఎడిటింగ్ చేసేవాళ్లకు రెండోదే మేలు. ల్యాప్‌టాప్‌లలో రెండేసి గ్రాఫిక్స్ ఉంటాయి. విండోస్ సెట్టింగుల్లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్‌లోకి పోయి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు హై పర్ఫార్మెన్స్ ఎంచుకోండి.

ఏడు: కొత్త యూజర్. విండోస్‌లో ఇంకో యూజర్ అకౌంట్ తయారుచేసి అక్కడ తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే కంప్యూటర్‌కు ఏ రోగమూ లేనట్టే, పాత అకౌంట్ ఫోల్డర్‌లోనే ఏదో ఉంది. మనవాళ్లకు ఇందులో ఇంకో చిక్కు. అభిమానంతో యూజర్ పేరు తెలుగులో పెట్టుకుంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు, పాత ప్లగిన్లు ఆ తెలుగు ఫోల్డర్ పేరు చదవలేక పడిపోతాయి. తప్పు ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లదే, మన భాషది కాదు. కానీ పని జరగాలి కాబట్టి కొత్త అకౌంట్‌కు ఇంగ్లిష్ అక్షరాల పేరు పెట్టుకోవడమే ప్రస్తుతానికి దారి.

ఇవన్నీ అయినంక సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేయాలి. దానికీ లొంగకపోతే అప్పుడు ఫార్మాట్. అంటే ఫార్మాట్ ఎనిమిదో మెట్టు కూడా కాదు, తొమ్మిదోది.

ఇది పల్లెటూరి స్టూడియో సంగతే అనుకునేరు. 2024 జులై 19న ప్రపంచమంతా విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆగిపోయింది ఇట్లాంటి రోగంతోనే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక అప్‌డేట్ ఫైల్ చదవబోయి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు తెరుచుకుంటూనే కూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చారు. కంపెనీ గంటన్నర లోపే ఆ ఫైల్ వెనక్కి తీసుకుంది. అయినా కూలిన కంప్యూటర్ తెరుచుకుంటే కదా సరిచేసిన ఫైల్ అందేది! ఇంజినీర్లు ఒక్కో కంప్యూటర్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైల్ తీసేశారు. అంతే. 85 లక్షల కంప్యూటర్ల రోగానికి మందు ఒక ఫైల్ తీయడం. తెలియక ఫార్మాట్ కొట్టి ఉంటే ఎంత పోయేదో ఊహించండి.

ఇక ఎవరూ మాట్లాడని మాట ఒకటి మాట్లాడాలి. క్రాక్. చాలా స్టూడియోల్లో నడిచేది కొన్న సాఫ్ట్‌వేర్ కాదు. నేను నీతులు చెప్పను, పెళ్లికి వచ్చే డబ్బెంత, అందులో కెమెరా, డ్రోన్, ఆల్బమ్ ఖర్చులు పోగా మిగిలేదెంత అనేది నాకూ తెలుసు. కానీ తెరవగానే కూలే రోగానికి క్రాక్‌తో నేరుగా చుట్టరికం ఉంది. క్రాక్ అంటే లైసెన్స్ చూసే ఫైల్‌ను మార్చిపెట్టడం. యాంటీవైరస్ దాన్ని దొంగగా గుర్తించి ఒకరోజు ఎత్తుకుపోతుంది. ఆ ఫైల్ లేక సాఫ్ట్‌వేర్ కూలుతుంది. అప్పుడు యాంటీవైరస్ ఆపేసి మళ్లీ క్రాక్ వేస్తారు. ఇల్లు తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే అది. 2018 నుంచి తిరుగుతున్న స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ ఎక్కువగా వచ్చింది ఇట్లాంటి క్రాక్‌ల వెంటే. అది ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కూలితే మళ్లీ తెరవొచ్చు. పెళ్లి వీడియోలకు తాళం పడితే ఆ పెళ్లి మళ్లీ చేయలేం కదా.

దారులు లేకపోలేదు. డావించి రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది. ఆ ఉచితదానిలో 4కే వరకు వీడియో తీయొచ్చు, మన పెళ్లిళ్లకు అది ఎక్కువే. కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది. కొన్ని కెమెరాల ఫైళ్లను ఉచితదానిలో తీసుకోదు, కాబట్టి మీ కెమెరా ఫైల్‌తో ముందు పరీక్షించుకోండి. పాత కంప్యూటర్ అయితే కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉన్నాయి, అవి పూర్తిగా ఉచితం. ముహూర్తాల మధ్యలో కాదు, శూన్యమాసంలో చేతిలో పని లేనప్పుడు నేర్చుకోండి. పాతది పక్కన ఉంచుకునే కొత్తదానిలో ఒక చిన్న పుట్టినరోజు వీడియో చేసి చూడండి.

కువైట్ సంగతి చెప్పలేదు కదూ. వీడియో గురువారం రాత్రి పోయింది. శనివారం స్టూడియో అన్నకు ఆ తండ్రి వాయిస్ మెసేజ్ పెట్టాడు. బాగుందనో, బాగలేదనో ఏమీ అనలేదట. "తమ్మీ, అప్పగింతల ముక్క ఒక్కటి వేరే చేసి పంపు. డ్యూటీల చూసుకుంట" అన్నాడట.

ఆ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తెలిపే గీతలు ఒక ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉన్నాయి. రెండు మూడు ఎంబీలు కూడా లేని ఫైల్ అది.

అందుకే స్టూడియోల వాళ్లందరికీ ఒక్క సలహా. ఇరవై రూపాయల నోట్‌బుక్ ఒకటి కొని కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. మూడే గీతలు గీయండి: తేదీ, ఏం మార్చినం, ఎవరు మార్చిన్రు. కొత్త ప్లగిన్ వేస్తే రాయండి, ఫాంట్లు ఎక్కిస్తే రాయండి, డ్రైవర్ మారితే రాయండి. రేపు సాఫ్ట్‌వేర్ తెరవగానే మూతపడితే పెన్‌డ్రైవ్ కంటే ముందు ఆ నోట్‌బుక్ తెరవండి. ఆఖరి గీత మీద రాసి ఉన్నదే చాలాసార్లు జవాబు.